ముంబయి: లగ్జరీ షోరూంల మధ్య కాలా ఘోడా, ఫోర్ట్‌లలోని చిన్న దుకాణాలు ఎలా నిలబడుతున్నాయి?

దక్షిణ ముంబయిలో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి దగ్గర్లో, ఒక మూల మీద 'రిథమ్ హౌస్' అనే దుకాణం ఉండేది. 1940లలో మొదలైన ఈ షాపులో గ్రామఫోన్ రికార్డుల కాలం నుంచి క్యాసెట్లు, సీడీల కాలం దాకా ముంబయి వాసులు సంగీతం కొనుక్కున్నారు. 2016 ఫిబ్రవరి 29న అది మూతపడింది.

తర్వాత ఆ స్థలాన్ని వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీకి చెందిన సంస్థ కొనుగోలు చేసింది. అక్కడ నగల షోరూం పెట్టాలన్నది ఆలోచన అని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంక్ కుంభకోణం బయటపడింది. మోదీ దేశం విడిచి వెళ్లారు, ఆస్తిని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జప్తు చేసింది. చివరకు నటి సోనమ్ కపూర్ అత్తింటివారికి చెందిన భానే గ్రూప్ సుమారు రూ.48 కోట్లకు దాన్ని కొనుగోలు చేసినట్లు 2024 చివర్లో వార్తలు వచ్చాయి. ఆ కుటుంబానిది దుస్తుల తయారీ, ఎగుమతి వ్యాపారం.

పాటలు అమ్మిన చోటు నగల షోరూం కాబోయి, కేసులో చిక్కుకుని, దుస్తుల వ్యాపారుల చేతికి వెళ్లింది. కాలా ఘోడా, ఫోర్ట్ ప్రాంతాల్లో గత పదిహేనేళ్లుగా జరుగుతున్న మార్పు అర్థం కావడానికి ఈ ఒక్క షాపు కథ చాలు.

ముంబయి వెళ్లే పర్యటకులకు ఇప్పుడు ఈ వీధుల్లో చూడటానికి చాలా ఉంది. ఒకవైపు అంతర్జాతీయ బ్రాండ్ల 'ఫ్లాగ్‌షిప్' స్టోర్లు, మరోవైపు సొంత అభిరుచితో నడిచే చిన్న దుకాణాలు. ఈ రెండూ పక్కపక్కనే ఎలా ఉండగలుగుతున్నాయి? ఎంతకాలం ఉండగలవు?

ఫ్లాగ్‌షిప్ స్టోర్ అంటే ఏంటి?

ఒక బ్రాండ్ తన పూర్తి స్థాయి రూపాన్ని చూపించుకునే ప్రధాన దుకాణమే ఫ్లాగ్‌షిప్ స్టోర్. మామూలు షాపు రోజూ జరిగే అమ్మకాలతో తన అద్దె తాను సంపాదించుకోవాలి. ఫ్లాగ్‌షిప్‌కు ఆ ఒత్తిడి తక్కువ. దాని ఖర్చులో కొంత భాగాన్ని కంపెనీ ప్రచార ఖర్చుగానే చూస్తుంది. లోపలికి వచ్చినవారు ఏమీ కొనకుండా ఫొటో తీసుకుని వెళ్లినా నష్టం లేదనుకుంటుంది.

2023 ఏప్రిల్ 18న బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ (బీకేసీ)లోని జియో వరల్డ్ డ్రైవ్ మాల్‌లో ఆపిల్ భారత్‌లో తన మొదటి స్టోర్ తెరిచింది. సుమారు 20,800 చదరపు అడుగుల ఆ స్థలానికి నెలకు దాదాపు రూ.42 లక్షల కనీస అద్దె, దాంతో పాటు ఆదాయంలో కొంత వాటా ఇచ్చేలా ఒప్పందం కుదిరినట్లు మీడియాలో కథనాలు వచ్చాయి. పక్కన 20కి పైగా పోటీ బ్రాండ్లకు చోటు ఇవ్వకూడదన్న షరతు కూడా అందులో ఉందని ఆ కథనాలు తెలిపాయి. చిన్న దుకాణదారు ఎవరూ ఇలాంటి షరతు పెట్టలేరు.

విదేశీ కంపెనీల రాకకు చట్టాల్లో వచ్చిన మార్పు కూడా కారణం. సింగిల్ బ్రాండ్ రిటైల్‌లో 100 శాతం విదేశీ పెట్టుబడిని 2012లో అనుమతించినా, 30 శాతం సరకును భారత్‌లోనే కొనాలన్న నిబంధన చాలా కంపెనీలకు అడ్డుగా ఉండేది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆపిల్ 2020లో ఆన్‌లైన్ స్టోర్, ఆ తర్వాత ఈ దుకాణం తెరిచింది. టెస్లా భారత్‌లో తన తొలి షోరూంను 2025 జులైలో బీకేసీలోనే ప్రారంభించింది.

పాత భవనాలే ఎందుకు?

బీకేసీ కొత్త ప్రాంతం. ఫోర్ట్ అలా కాదు. ముంబయిలో 1995 నుంచి వారసత్వ కట్టడాల పరిరక్షణ నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఓవల్ మైదానం చుట్టూ ఉన్న విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో భవనాలకు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. ఇలాంటి భవనాలను కూల్చి టవర్లు కట్టడం కుదరదు. వాటి నుంచి ఆదాయం రావాలంటే లోపల ఏదో ఒకటి నడపాలి.

మరోవైపు, మాల్‌లో దొరకని ఎత్తైన పైకప్పులు, రాతి గోడలు, పాతకాలపు హుందాతనం లగ్జరీ బ్రాండ్లకు కావాలి. ఫ్రాన్స్ బ్రాండ్ హెర్మెస్ 2011లోనే హార్నిమన్ సర్కిల్‌లో స్టోర్ తెరిచింది. డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ 2023లో అదే సర్కిల్‌లో, ఒకప్పుడు బ్యాంకు నడిచిన భవనంలో 25 వేల చదరపు అడుగులకు పైగా విస్తీర్ణంలో ఫ్లాగ్‌షిప్ ప్రారంభించారు. పారిస్‌కు చెందిన గ్యాలరీ లఫాయెట్ 2025లో ఇదే ప్రాంతంలోని పాత భవనాల్లోకి వచ్చింది.

చిన్న దుకాణాలను కాపాడింది ఏంటి?

ఇంత ఖరీదైన ప్రాంతంలో స్టేషనరీ షాపులు, కళ్లజోళ్ల దుకాణాలు, ఇరానీ కేఫ్‌లు ఇప్పటికీ ఎలా ఉన్నాయన్న సందేహం ఎవరికైనా వస్తుంది. దానికి జవాబు 'పగడీ' పద్ధతిలో ఉంది.

ఈ పద్ధతిలో అద్దెకు దిగేవారు మొదట్లోనే యజమానికి పెద్ద మొత్తం చెల్లిస్తారు. ఆ తర్వాత నామమాత్రపు అద్దె కడుతూ తరతరాలుగా అక్కడే ఉంటారు. 1947 నాటి బాంబే అద్దె చట్టం అద్దెలను దాదాపు 1940 స్థాయిలోనే కట్టేసింది. దాని స్థానంలో వచ్చిన 1999 చట్టం ఏటా 4 శాతం పెంపునకు మాత్రమే వీలు కల్పించింది.

అయితే బ్యాంకులు, బహుళజాతి సంస్థలు, రూ.కోటి లేదా అంతకుమించి చెల్లింపు మూలధనం ఉన్న కంపెనీలకు ఈ కొత్త చట్టం రక్షణ వర్తించదు. అంటే అవి మార్కెట్ అద్దె కట్టాల్సిందే. అందుకే ఒకే వీధిలో పాత అద్దెతో ఒక దుకాణం, దానికి ఎన్నో రెట్లు కట్టే షోరూం ఒకటి పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ రక్షణకు ఒక చిక్కు ఉంది. పాత అద్దెదారు కొడుకో, కూతురో షాపు నడపనంటే హక్కు చేతులు మారుతుంది. ఆ తర్వాత అదే తక్కువ అద్దెకు కొత్తగా ఒక చిన్న దుకాణం పెట్టుకోవడం దాదాపు అసాధ్యం. పగడీ ఉన్నవాళ్లను కాపాడుతుంది. కొత్తవాళ్లను రానివ్వదు.

ఒక పుస్తకాల షాపు మూత, మరొకటి పునఃప్రారంభం

ఫోర్ట్‌లో 1948లో టి.ఎన్.శాన్‌భాగ్ స్థాపించిన స్ట్రాండ్ బుక్ స్టాల్ 70 ఏళ్ల తర్వాత, 2018 ఫిబ్రవరిలో మూతపడింది. అక్కడికి కొద్ది దూరంలో, ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర 2011లో మొదలైన కితాబ్ ఖానాలో 2020 డిసెంబరులో అగ్నిప్రమాదం జరిగింది. వేల పుస్తకాలు పాడయ్యాయి. అయినా కొన్ని నెలల్లోనే, 2021 మార్చిలో షాపు మళ్లీ తెరుచుకుంది.

తేడా పాఠకుల అభిమానంలో లేదు, రెండింటికీ అది ఉంది. కితాబ్ ఖానా సోమయ్య భవన్‌లో ఉంది, దాన్ని నడిపేది సోమయ్య కుటుంబమే. ఇంటి యజమాని ఖాళీ చేయమంటాడన్న భయం లేకపోవడం ఒక పుస్తకాల షాపుకు ఎంత బలమో దీన్ని బట్టి తెలుస్తుంది.

'స్వతంత్ర' బ్రాండ్ల వెనక ఎవరున్నారు?

సబ్యసాచి బ్రాండ్‌లో 51 శాతం వాటాను ఆదిత్య బిర్లా గ్రూప్ 2021లో రూ.398 కోట్లకు కొన్నది. గ్యాలరీ లఫాయెట్‌ను భారత్‌కు తెచ్చిందీ ఆ గ్రూపే. డిజైనర్ రీతూ కుమార్ కంపెనీలో 52 శాతం వాటాను అదే ఏడాది రిలయన్స్ తీసుకుంది. బోర్డు మీద పేరు డిజైనర్‌దే అయినా, భారీ అద్దె కట్టే శక్తి వెనకున్న పెద్ద సంస్థది.

తెలుగువారి చెమట కూడా

ముంబయి ఫ్యాషన్ షాపింగ్‌కు మరో కేంద్రం లోయర్ పరేల్. అక్కడి ఫీనిక్స్ మాల్ ఒకప్పటి ఫీనిక్స్ బట్టల మిల్లు. దాని పొగగొట్టం ఇప్పటికీ కనిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ముంబయి మిల్లుల్లో తరాల తరబడి పనిచేశారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. బట్ట నేసిన చోటే ఇప్పుడు బట్టల బ్రాండ్లు అమ్ముడవుతున్నాయి.

మీరు వెళ్లాలనుకుంటే..

ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ దగ్గర మొదలుపెట్టి దాదాభాయి నౌరోజీ రోడ్డు మీదుగా నడవండి. భవనాల కింద స్తంభాల మధ్య ఉన్న నడకదారి ఎండ నుంచి, వాన నుంచి కాపాడుతుంది. దారిలో చేతితో చేసిన కాగితం కవర్లు, కార్డులకు పేరున్న చిమన్‌లాల్స్ ఉంది. ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర కితాబ్ ఖానా చూసి, హార్నిమన్ సర్కిల్‌కు వెళితే పెద్ద షోరూంలు కనిపిస్తాయి. ఏమీ కొనకపోయినా లోపలికి వెళ్లి భవనాన్ని చూడొచ్చు.

అక్కడి నుంచి కాలా ఘోడా పది నిమిషాల నడక. వి.బి.గాంధీ మార్గ్‌లోని 'ఆర్టిజన్స్' చేనేత, హస్తకళలకు పేరున్న గ్యాలరీ. చిన్న దుకాణాలు ఎక్కువగా మెయిన్ రోడ్డు మీద కాకుండా రోప్ వాక్ లేన్ లాంటి సందుల్లో, పై అంతస్తుల్లో ఉంటాయి, అక్కడ అద్దె కాస్త తక్కువ కాబట్టి. ఫోర్ట్‌లోని పాత షాపులు చాలావరకు ఆదివారం మూసి ఉంటాయి, వేరే రోజు చూసుకోండి.

పెద్ద షోరూంకు మీరు వెళ్లి చూడటమే ప్రచారం. సందులోని షాపుకు మాత్రం మీరు కొనే నోటుపుస్తకమో, దుపట్టానో ఆ నెల అద్దెలో ఒక భాగం.