అడవిని చూసి, ఉడుకు నీళ్లను చూసి వచ్చాము



పల్లెలో మనకు ప్రయాణమంటే పెండ్లికో, చావుకో, ఆస్పత్రికో, కూటములకో పోవడమే. ఊరికే చూడడానికని ఇంటిల్లిపాది బయలుదేరడం మన అలవాటు కాదు. నాకూ లేదు. ఒక రాత్రి మా చిన్నమ్మాయి బడి పుస్తకం పట్టుకొని వచ్చి, "నాన్నా, మన రాష్ట్ర జంతువు జింక కదా, అడవిలో ఉన్నదాన్ని నువ్వెప్పుడైనా చూసినవా?" అని అడిగింది. జూలో చూశానన్నాను. "జూ అడవి కాదు కదా" అన్నది. జవాబు చెప్పలేకపోయాను.

అట్లా మద్దూరు నుండి నాలుగు కుటుంబాలవారము, ఫిబ్రవరిలో ఒక శుక్రవారం తెల్లవారుజామున రెండు తుఫాను బండ్లు మాట్లాడుకొని బయలుదేరాము. శనివారం రాత్రికి తిరిగి రావాలి, ఆదివారం ఆరాధన ఉన్నది.

మాతో వచ్చిన వారిలో ఒక రైతు సహోదరుడున్నాడు. ఆయన మక్క చేనును అడవిపందులు రెండేండ్లుగా తొక్కి పాడు చేస్తున్నవి. పొలంలో వేసిన మూడు బోర్లూ ఎండినవి. ఈసారి చేను చుట్టూ కరెంటు తీగ పెడతానని అందరి ముందే అన్నాడు. అట్లాంటి తీగ తగిలి పందులే కాదు, పశువులూ మనుషులూ పోయిన సంగతి మనకు తెలియనిది కాదు. అది చట్ట విరుద్ధం కూడా. అయినా పంట పోయినవాని బాధ ముందు ఉపదేశం నిలవదు. నేనేమీ అనలేదు. "రా అన్నా, అడవి చూసొద్దాం" అన్నాను.

జనగామ, వరంగల్, ఇల్లందు, కొత్తగూడెం మీదుగా పాల్వంచ చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడికి దగ్గరలోనే కిన్నెరసాని ఆనకట్ట ఉన్నది. కిన్నెరసాని గోదావరికి ఉపనది. దాని చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అడవి 1977లో అభయారణ్యమైంది. టేకు, మద్ది, వెదురు పెరిగిన అడవి. చుక్కల జింకలు, కణుతులు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, నక్కలు, నెమళ్లు, అడవికోళ్లు ఇక్కడివే.

ఆనకట్ట పక్కన జింకల పార్కు ఉన్నది. పిల్లలు అక్కడ తనివితీరా చూశారు. కాని మా అమ్మాయి కోరిక తీరింది సాయంత్రం, అడవి పక్క బాటలో. చెట్టు మీద కొండముచ్చులు చిగుళ్లు తెంపి సగం తిని సగం కింద పడేస్తున్నవి. ఆ కింద ఐదారు జింకలు వాటిని ఏరుకు తింటున్నవి. కొండముచ్చు పైనుండి ఆపదను చూసి అరిస్తే జింకలు జాగ్రత్త పడతాయి. జింక వాసన పట్టి కూస్తే కొండముచ్చులు కనిపెట్టుకుంటాయి. ఇదంతా మా వెంట ఉన్న స్థానికుడు చెబుతుంటే, కొండముచ్చంటే కోతులను తరమడానికి తెచ్చేదనే తెలిసిన మన పిల్లలు నోరు తెరిచి విన్నారు.

జలాశయపు ఒడ్డున దూరంగా ఒక మొసలి ఎండ కాగుతున్నది. దాని ఒంట్లో మనవలె వేడి పుట్టదు. ఎండ తగిలితేనే దానికి చురుకు.

మన రైతు సహోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యగారూ, ఈడ దీనికి ఇల్లున్నది. మన గుట్ట మీద చెట్టే లేకపాయె. పంది చేన్లకు రాక ఎటు పోతది?" అన్నాడు.

ఆ రాత్రి పాల్వంచలో ఒక విశ్వాసి ఇంట బస చేసి, శనివారం ఉదయం మణుగూరు మండలంలోని పగిడేరు వెళ్లాము. బొగ్గు నిక్షేపాల కోసం వెదకుతూ వెనుకట దింపిన బోర్ల నుండి అక్కడ వేడినీరు వస్తున్నది. మోటారు లేదు, కరెంటు లేదు, నీరు తనంతట తానే పైకి వస్తున్నది! ఆ నీటిని పొలాలకు కూడా వాడుకుంటారు. మూడు బోర్లు ఎండిన మనిషి ఆ ధార ముందు నిలబడి చూసిన చూపు నేను మరువలేను.

"కింద బొగ్గు అంటుకున్నదా?" అని పిల్లలడిగారు. కాదు. మన మద్దూరు కింద ఉన్నది గ్రానైటు బండ. బండకు పగులున్న చోటే నీరుంటుంది, పగులు తప్పితే వట్టి దుమ్మే. గోదావరి లోయ అట్లా కాదు. కోట్ల సంవత్సరాల క్రితం అక్కడి నేల పొడవునా కుంగి, ఆ పల్లంలో ఇసుక, ఒండ్రు, చెట్లు పొరలు పొరలుగా నిండినవి. చెట్లు బొగ్గయినవి, ఇసుక ఇసుకరాయి అయింది. ఇసుకరాయి నీటిని పట్టి ఉంచుతుంది. వాననీరు లోతుకు దిగినకొద్దీ భూమి వేడికి కాగుతుంది. సాధారణంగా కిలోమీటరు లోతుకు 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. పై పొరల కింద ఒత్తిడిలో ఉన్న ఆ నీరు బోరు దారి దొరకగానే పైకి తన్నుకొస్తుంది.

ఈ వేడితో కరెంటు తీయవచ్చునా అని సింగరేణి సంస్థ ఇక్కడ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం నెలకొల్పింది. నీటికంటే తక్కువ వేడికే మరిగే ఒక ద్రవాన్ని ఈ వేడినీటితో కాచి, దాని ఆవిరితో చక్రం తిప్పుతారు. ఐదు హార్స్ పవర్ మోటార్లు ఐదింటిని నడిపేంత కరెంటు అన్నమాట. చిన్నదే, కాని బొగ్గు కాల్చకుండా వచ్చేది. దేశంలో ఇట్లాంటి వేడినీటి ఊటలు మూడు వందలకు పైగా ఉన్నవి. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుందని చెప్పారు గాని, మాకు పొద్దు చాలలేదు.

ఆదికాండము 36వ అధ్యాయంలో అనా అనే ఒకడున్నాడు. తండ్రి గాడిదలను మేపుతూ అరణ్యంలో వేడినీటి ఊటలు కనుగొన్నాడు. అతడు రాజూ కాదు, పండితుడూ కాదు, పసులు కాసినవాడు. పని చేసుకుంటూనే చుట్టూ చూసినవాడు.

వెళ్లదలచినవారికి నాలుగు మాటలు. ఎండలు ముదరకముందే వెళ్లండి. జలాశయంలో దిగవద్దు, మొసళ్లున్నవి. జంతువులకు తిండి వేయవద్దు, అడవిలో పొయ్యి పెట్టవద్దు. వేడినీటి దగ్గర పిల్లల చేయి వదలవద్దు. ముందు పెద్దవారు దూరం నుండే వేడి చూసుకోండి.

మన రైతు సహోదరుడు ఈ పంటకు తీగ పెట్టలేదు. చుట్టుపక్కల చేన్లవారితో వంతులు వేసుకొని రాత్రులు కావలి కాస్తున్నాడు. పంది అయినా వచ్చింది, రెండు సాళ్లు పోయినవి. ఆ నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కాని వానలు పడగానే గుట్ట కింద నాటడానికి వేప, చింత, మద్ది మొలకలు సంచులలో పెంచుతున్నాడు. వాటికి నీళ్లు పోసేది మా చిన్నమ్మాయి.