ఏడేళ్లు ఆగితే పెళ్లి దానంతటదే రద్దవుతుందా?

ఫోన్ స్విచ్ఛాఫ్. వాట్సాప్ మెసేజ్‌కి ఒకటే టిక్. అత్తారింట్లో అడిగితే ‘మాకూ తెలీదు’ అంటారు. గల్ఫ్ వెళ్లి కబురు లేనివాళ్లు, అప్పుల బాధతో ఊరొదిలినవాళ్లు, గొడవపడి వెళ్లిపోయినవాళ్లు... కారణం ఏదైనా, ఇంట్లో మిగిలిన మనిషికి ఊళ్లో దొరికే సలహా ఒక్కటే: ‘ఏడేళ్లు ఆగు, పెళ్లి దానంతటదే రద్దయిపోతుంది.’

ఈ సలహా రెండు రకాలుగా తప్పు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి మా భాషలో చెప్తా: పెళ్లికి ఆటో లాగౌట్ లేదు. ఏడేళ్లు కాదు, ఇరవై ఏళ్లయినా కోర్టు డిక్రీ ఇస్తేనే విడాకులు. రెండోది, చాలామందికి అసలు ఏడేళ్లు ఆగాల్సిన పనే లేదు.

హిందూ వివాహ చట్టం, 1955లోని 13వ సెక్షన్ చూడండి. బతికుంటే సహజంగా ఎవరికి కబురు తెలియాలో వాళ్లకి ఏడేళ్లుగా ఏమీ తెలియకపోతే విడాకులు అడగొచ్చు. అదే సెక్షన్‌లో ఇంకో దారి కూడా ఉంది. సరైన కారణం లేకుండా, మీ ఇష్టానికి వ్యతిరేకంగా వదిలేసి వెళ్లి వరుసగా రెండేళ్లు దాటితే చాలు. కాకపోతే కావాలనే వదిలేశారని మీరు చూపించాలి. ప్రమాదంలోనో, మతిస్థిమితం లేకో తప్పిపోయినవాళ్ల విషయంలో ఇది నిలబడదు. క్రైస్తవుల విడాకుల చట్టంలో, ప్రత్యేక వివాహ చట్టంలో కూడా ఈ రెండేళ్ల, ఏడేళ్ల లెక్కలే ఉన్నాయి. ముస్లిం మహిళలకు 1939 నాటి చట్టం ప్రకారం భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే చాలు. అయితే ఆ డిక్రీ ఆరు నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈలోగా భర్త తిరిగొచ్చి, కాపురం చేస్తానని కోర్టును నమ్మిస్తే డిక్రీ రద్దవుతుంది.

‘అడ్రసే తెలీని మనిషికి నోటీసు ఎలా?’ అందరికీ వచ్చే డౌటే ఇది. ముందు చివరిసారి ఉన్న అడ్రస్‌కి పంపుతారు. అది తిరిగొస్తే ‘ఇంకో పద్ధతిలో నోటీసు ఇవ్వనివ్వండి’ అని కోర్టును అడగాలి. కోర్టు ఒప్పుకుంటే నోటీసును కోర్టులో అందరికీ కనిపించే చోట, చివరిసారి ఉన్న ఇంటికి అంటిస్తారు. లేదంటే ఆ మనిషి చివరగా ఉన్న ప్రాంతంలో చదివే దినపత్రికలో ప్రకటన వేయిస్తారు. అప్పటికీ రాకపోతే కేసు ఎక్స్‌పార్టీగా నడుస్తుంది. అవతలివాళ్లు రాలేదు కదా అని డిక్రీ చేతికిచ్చేయరు. మీరు సాక్ష్యం చూపించాల్సిందే. పోలీసులకిచ్చిన మిస్సింగ్ కంప్లైంట్, తిరిగొచ్చిన రిజిస్టర్డ్ పోస్టు కవర్లు, పాత చాట్లు, బంధువుల సాక్ష్యం... ఇవన్నీ పనికొస్తాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఎక్కడున్నారో తెలిసి కూడా ‘తెలీదు’ అని అఫిడవిట్ వేయకండి. నోటీసు అందని వ్యక్తి, డిక్రీ సంగతి తెలిసిన 30 రోజుల్లో దాన్ని కొట్టేయమని అడగొచ్చు. అప్పటికే మీకు మళ్లీ పెళ్లయి, పిల్లలు కూడా ఉంటే? ఒక్క అబద్ధం వల్ల ఆ సంసారమంతా చిక్కుల్లో పడుతుంది. డిక్రీ నిజాయితీగా తెచ్చుకున్నా సరే, అప్పీలు గడువు దాటాకే మళ్లీ పెళ్లి మాట ఎత్తండి.

ఖర్చుకి భయపడి ఆగిపోయినవాళ్లకు ఒక మాట. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. హిందూ వివాహ చట్టం కింద భార్య తను ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే కేసు వేయొచ్చు. ఏడేళ్లుగా భార్య కబురు లేని భర్తకూ ఈ వీలు ఉంది.

ఎదురుచూడాలా, ముందుకెళ్లాలా అనేది మీ మనసుకి సంబంధించిన విషయం. కానీ మిస్సింగ్ కంప్లైంట్ మాత్రం ఈ వారమే ఇచ్చి, రసీదు దాచుకోండి. తిరిగొస్తే సంతోషమే. రాకపోతే, మీరు వెతికారని రేపు కోర్టులో చెప్పేది ఆ కాగితమే.