గని ఒకచోట, కొలిమి ఒకచోట

విశాఖపట్నం అనగానే మనలో చాలామందికి బీచ్ గుర్తొస్తుంది. మాది గాజువాక కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది ఉక్కు. తమాషా ఏంటంటే, ఈ ఊరికి ఇనుప గని లేదు. గని లేని ఊరు లోహం మీద ఎలా బతుకుతోంది, దాని ఇబ్బంది ఎక్కడుంది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఖనిజం వచ్చే దారి చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో బైలదిల్లా కొండలున్నాయి. అక్కడి హెమటైట్ దేశంలోని మేలిరకం ఇనుప ఖనిజాల్లో ఒకటి. దాన్ని జపాన్‌కి ఎగుమతి చెయ్యడం కోసమే 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. అరకు వెళ్తూ మనం సొరంగాలు లెక్కపెట్టుకునే లైను అదే! అంటే ఫ్యాక్టరీ రాకముందే పోర్టుకీ రైల్వేకీ ఖనిజం పని కల్పించింది.

ఫ్యాక్టరీ అడగ్గానే రాలేదు. 1966 నాటి 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది చనిపోయారు. 1971లో శంకుస్థాపన జరిగితే, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో.

ఇప్పుడు కొలిమి లోపలికి వెళ్దాం. హెమటైట్ అంటే ఐరన్ ఆక్సైడ్. కోక్ మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అందులోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. సున్నపురాయి మలినాలను పట్టుకుని స్లాగ్‌గా మారుతుంది. ఒక టన్ను ఇనుముకి సుమారు 1.6 టన్నుల ఖనిజం కావాలి. స్లాగ్ సిమెంటు తయారీకి పోతుంది. బొగ్గుని కోక్ చేసేటప్పుడు వచ్చే వాయువు నుంచి అమ్మోనియం సల్ఫేట్ ఎరువు తీస్తారు. ఇలా ప్రతి మెట్టు దగ్గరా ఎవరికో ఒకరికి పని దొరుకుతుంది. లారీ, క్రేన్, ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షెడ్డు, మెస్సు, అద్దె ఇల్లు - అన్నీ ఆ వేడి మీదే నడుస్తాయి. మట్టి తవ్వినచోట కంటే దాన్ని లోహం చేసినచోటే విలువ ఎక్కువ పెరుగుతుంది. గని ఉన్న కిరండూల్ చిన్న పట్టణంగా ఉండిపోవడానికి ఇదొక కారణం.

మరి ఇబ్బంది ఎక్కడ? మన ప్లాంటుకి జగ్గయ్యపేటలో సున్నపురాయి, మాదారంలో డోలమైట్ సొంత గనులున్నాయి. అసలైన ఇనుప ఖనిజానికే లేదు. సెయిల్, టాటా స్టీల్‌లకు సొంత ఇనుప గనులున్నాయి. బజార్లో ఖనిజం ధర పెరిగితే వాళ్ల ఖర్చు పెద్దగా కదలదు, మనది ఎగబాకుతుంది. కోకింగ్ బొగ్గు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. దీనికి విస్తరణ అప్పులూ, వాటి వడ్డీలూ తోడయ్యాయి. 2021 జనవరిలో కేంద్రం తన వాటా మొత్తం అమ్మాలని నిర్ణయించింది, కార్మికులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ప్యాకేజీ పాత బాకీలకు ఊపిరినిస్తుంది గానీ, రేపటి ఖనిజం ధరని తగ్గించదు.

ఇదే ఊళ్లో మరో ఉదాహరణ ఉంది. 1977లో మొదలైన జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది. ఆ కంపెనీ జింక్ గనులు రాజస్థాన్‌లో ఉన్నాయి, ఇవాళ దాని స్మెల్టర్లూ అక్కడే ఉన్నాయి. గనికీ కొలిమికీ మధ్య దూరం పెరిగినకొద్దీ ముందు చల్లారేది కొలిమే.

అలాగని గని లేకపోతే బతకలేమా? జపాన్, కొరియా ఉక్కు కంపెనీలు దిగుమతి ఖనిజంతోనే ఎదిగాయి. ఓడరేవు పక్కన ప్లాంట్లు కట్టుకున్నాయి, గని కంపెనీలతో ఏళ్ల తరబడి ఒప్పందాలు చేసుకున్నాయి, విదేశీ గనుల్లో వాటాలు కొన్నాయి. ఓడరేవు మనకీ ఉంది. చూసుకోవాల్సింది మిగతా రెండే.

అందుకే హాస్టల్లో 'ప్రైవేటా, ప్రభుత్వమా' అని వాదించుకునేవాళ్లని నేను ఇంకో ప్రశ్న అడుగుతాను: యజమాని ఎవరైనా సరే, ఖనిజం ఏ ధరకి, ఎన్నేళ్ల భరోసాతో వస్తుంది? గాజువాకలో షట్టర్లు తెరిచి ఉండేదీ లేనిదీ తేల్చేది ఆ జవాబే.