కూరగాయల రంగు – వంటింటి రసాయనము

అంగడిలో కూరగాయలు ఏరేటప్పుడు ఎవరైనా మొదట చూసేది రంగునే. మన దౌల్తాబాద్ చెలకల్లో తెల్లవారుజామున కోసిన పాలకూర, తోటకూర కట్టలు నిగనిగలాడుతూ ఇంటికి చేరుతాయి. పొయ్యి దిగేసరికి అవే ఖాకీ రంగుకు తిరుగుతాయి. దీనిని వండినవారి చేతి లోపమనుకోవడం పరిపాటి. అది కొంతవరకే నిజం.

ఆకుకు పచ్చదనమిచ్చేది పత్రహరితం. దీనిపై పరిశోధించిన జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్‌కు 1915లో నోబెల్ బహుమతి లభించింది. ఈ అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. నేలలో మెగ్నీషియం చాలనప్పుడు ముదురాకులు ఈనెల నడుమ పసుపుబారడం రైతుబిడ్డలైన విద్యార్థులు చూసే ఉంటారు. గిన్నెలో జరిగేదీ అటువంటిదే. వేడికి పులుపు తోడైతే మెగ్నీషియం తొలగి, ఆ చోట హైడ్రోజన్ చేరుతుంది, పచ్చదనం మాసిపోతుంది. ఇందుకు చింతపండు పోయనక్కరలేదు, ఆకులోని ఆమ్లాలే చాలు. పుంటికూర, అనగా ఉర్దూ ఇండ్లలోని అంబాడా, పుట్టుకతోనే పుల్లనిది గనుక ఎంతటి నేర్పరి వండినా పచ్చగా నిలువదు. దానికై తాపత్రయపడనవసరం లేదు.

పాలకూర సంగతి వేరు. తెర్లుతున్న నీటిలో ఆకు వేసి, మూత పెట్టక, రెండు మూడు నిమిషాలకే తీసి చన్నీటిలో ముంచాలి. మూత పెడితే ఆవిరితో పోవలసిన ఆమ్లాలు తిరిగి నీటిలోకే దిగుతాయి. పప్పులోనైతే చింతపండు రసం చిట్టచివర పోయాలి.

విందుల వంటలలో కొందరు దీనికి సులభోపాయంగా తినే సోడా వేస్తారు. రంగు నిలుస్తుంది, సందేహం లేదు. కాని ఆకు చీకిపోతుంది. 'సి' విటమిన్, థయమిన్ నశిస్తాయి. కంటిని మెప్పించి ఒంటిని వంచించే ఈ పద్ధతి హాస్టలు వంటశాలలలో అసలే తగదు. ఆకులో పచ్చదనం చాటున పసుపుపచ్చని కెరోటిన్ కూడా ఉంటుంది. రేచీకటిని నివారించే 'ఎ' విటమిన్ మన దేహంలో దానినుండే తయారవుతుంది. పోషణలోపమున్న పిల్లలు సైతం ఆకుకూరల కెరోటిన్‌ను గ్రహించగలరని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లో వెల్లడించారు. అది నూనెలో కరిగేది గనుక పోపులో నూనె ఉండాలి.

ఎరుపు కథ దీనికి విరుద్ధం. బీట్‌రూట్, ఎర్ర తోటకూరల రంగు నీటిలో కరుగుతుంది. కొద్దిపాటి పులుపు దానికి మేలే చేస్తుంది. బీట్‌రూట్‌ను తొక్కతో, తోకతో ఉడికించి, పిదప ఒలవాలి. ఎర్ర తోటకూర ఉడికిన నీటిని పారబోయరాదు. వంకాయ తొక్కలోని ఊదా కూడా నీటిపాలయ్యేదే. బఘారే బైంగన్‌లో వంకాయలను పులుసులో వేయకముందే నూనెలో వేయించే ఆచారం రుచికే కాదు, రంగుకూ రక్ష.

టమాటా ఎరుపు వేడికి సులభంగా చెదరదు. దాని చిక్కంతా తోటలోనే. ఎండ 30 డిగ్రీలు మించినకొద్దీ కాయలో ఎరుపు ఏర్పడటం మందగిస్తుంది. మన వేసవి టమాటాలు పండినా నారింజ వన్నెలోనే ఆగిపోవడం ఇందువల్లనే. ఆ కాలంలో కాయలకు నీడనిచ్చే ఆకులను తుంచకపోవడం మంచిది. దోరగా ఉన్నప్పుడే కోసి, ఇంట్లో చల్లని చోట పరిస్తే రెండు మూడు రోజులలో రంగు తిరుగుతుంది.