వేడుకకు వీడియోలు కూర్చువారు ఏ సాఫ్టువేరు ఎన్నుకొనవలెను?

పొలములో దుక్కి, పశువుల సంత, ఇంట పెండ్లి - ఫోనుతో తీసిన వీడియోలను కత్తిరించి ఒక వరుసకు తెచ్చుట నేడు పలువురికి వేడుక అయినది. ఇందుకు సాఫ్టువేరు ఎన్నుకొనునపుడు దాని హంగులు గాక, ముందు మీ కంప్యూటరు సత్తువ చూడవలెను. ఎడ్ల బలము నెరిగి గదా నాగలి కట్టుట!

డావిన్సీ రిజాల్వ్ ఉచితముగా దొరకును. రంగులు సరిచేయుటలో పేరుపొందినది. కాని 16 జీబీ మెమరీ, మంచి గ్రాఫిక్సు కార్డు లేనిచో నత్తనడక నడచును. 8 జీబీ కంప్యూటరు గలవారికి షాట్‌కట్ గాని, 2002లో మొదలైన కేడెన్‌లైవ్ గాని మేలు. రెండును ఉచితమే, వీడియోపై తమ ముద్ర వేయవు. అప్పటికిని పని మందగించినచో 'ప్రాక్సీ' అను సదుపాయము వాడుడు. పెద్ద వీడియోకు బదులు చిన్న నకలుతో పని సాగును. తుదకు అసలు వీడియోనుండియే చిత్రము తయారగును.

డబ్బు చెల్లించుటకు ముందు మీ ఫోనులోని ఐదు నిమిషముల వీడియోతో మొదటినుండి తుదివరకు ఒకసారి చేసి చూడుడు. టైటిలుగా "స్త్రీ", "లక్ష్మి" అని వ్రాయుడు. ఫాంటు మార్చినను ఒత్తులు విడిపోయినచో అది మనకు పనికిరాదు. మాటకు పెదవి కలియుచున్నదో లేదో గమనించుడు. కొన్ని ఫోనులు సెకనుకు తీయు బొమ్మల సంఖ్య మారుచుండుటచే ఈ తేడా వచ్చును.

ప్రాజెక్టు ఫైలులో ఉండునది ఎక్కడ కోయవలెనను లెక్క మాత్రమే, వీడియో కాదు. పని ముగియకముందే అసలు వీడియోలను చెరిపివేసినచో ఆ ఫైలుతో ఏమియు చేయజాలము.