రాతినేలపై విద్యుత్ సుత్తి

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములు గట్టి రాతిసీమ. పలుచని ఎఱ్ఱమట్టి పొర క్రింద గ్రానైటు, నైసు శిలలు పరచుకొని యున్నవి. ఇచ్చట బావి త్రవ్వుటయన్నను, ఇంటికి పునాది తీయుటయన్నను రాతితో పోరాటమే. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము రాతికట్టడపు ఆనకట్ట. వేలాది కూలీల చేతుల మీదుగా అది పైకి లేచినది. నేడు రాళ్లు కొట్టువారి సుత్తి, పలుగుల ప్రక్కన విద్యుత్ సుత్తి కూడ చేరినది. పనివారు దీనిని బ్రేకరు అందురు.

దీని పనితీరు సులభముగనే తెలియును. లోపలి మోటారు తిరిగినప్పుడు ఒక ముషలకము గొట్టములో ముందునకు, వెనుకకు కదలును. ముషలకమునకు ఎదుట ఇనుప దిమ్మ యొకటి ఉండును. రెంటి నడుమనున్న గాలి నొక్కబడి, స్ప్రింగువలె ఆ దిమ్మను ముందునకు నెట్టును. దిమ్మ పోయి ఉలిని కొట్టును. 1500 వాట్ల బ్రేకరు సెకనుకు 20 దెబ్బల చొప్పున, దెబ్బకు 45 జౌళ్ల శక్తితో కొట్టుచున్నదనుకొందము. అనగా రాతికి చేరునది 900 వాట్లు. మిగిలినది వేడిగను, చప్పుడుగను, చేతులను వణికించు అదురుగను పోవును.

బ్రేకరు బలము కంటికి కనబడును. కాని ప్రాణాపాయము పెక్కుసారులు దానికి తగిలించిన తీగలో పొంచియుండును.

పని జరుగు చోటు స్విచ్చిబోర్డుకు దూరముగా నుండుటచే ఎక్స్‌టెన్షన్ వైరు తప్పదు. 230 వోల్టుల వద్ద 1500 వాట్ల యంత్రము సుమారు 6.5 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. వైరు పొడవు 50 మీటర్లయినచో, పోవుటకు, వచ్చుటకు కలిసి విద్యుత్తు 100 మీటర్లు నడవవలెను. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగి తీగ అయినచో దాని నిరోధము 1.7 ఓములు. అందుచే 11 వోల్టులు దారిలోనే పోవును. 70 వాట్లకు పైగా శక్తి తీగలో వేడిగా మారును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ వేడి 30 వాట్లకు మించదు. సన్నని తీగను చుట్ట విప్పకయే వాడినచో వేడి బయటికి పోజాలక, పై తొడుగు మెత్తబడి కరుగును. కావున మందమైన తీగను, చుట్ట పూర్తిగా విప్పి వాడవలెను.

ఇక రాతిసీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. లోహపు ఒడలుగల యంత్రములో తీగ తొడుగు చెడి ఒంటికి తగిలినచో, విద్యుత్తు ఎర్తు తీగ ద్వారా భూమిలోనికి పోయి ఫ్యూజు కాలిపోవునని పాఠములలో చదువుకొందుము. భూమి విద్యుత్తును బాగుగా తీసికొన్నప్పుడే ఈ మాట నిజము. తడి నల్లరేగడిలో పాతిన ఎర్తు కడ్డీకి నిరోధము తక్కువ. ఎండిన రాతినేలలో చాల ఎక్కువ. అది 50 ఓములనుకొందము. అప్పుడు ప్రవాహము 230ని 50తో భాగింపగా 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి చలింపదు. యంత్రపు ఒడలు విద్యుత్తుతో నిండియే యుండును. చూపరులకు ఏమియు తెలియదు. బావి అడుగున తడి కాళ్లతో నిలిచిన మనిషి దానిని ముట్టుకొనును. తడిసిన శరీరపు నిరోధము 1000 ఓములనుకొన్నను 0.23 ఆంపియరు అతని గుండె మీదుగా పోవును. గుండె లయ తప్పుటకు అందులో కొంత భాగమే చాలును.

కొన్ని బ్రేకర్లకు ఎర్తు తీగయే ఉండదు. వానిలో విద్యుత్ బంధకము రెండు పొరలుగా నుండును. పేరుపలకపై ఒక చదరములో మరియొక చదరము దాని గుర్తు. అయినను లోపలికి నీరు చేరినను, వైరు చిట్లినను ఆ రక్షణ నిలువదు.

బోరు మోటారు స్టార్టరు పెట్టెనుండి ఒక ఫేజు మాత్రము తీసికొని, రెండవ కొనను బోరు ఇనుపగొట్టమునకు కట్టుట మరింత ఘోరము. గొట్టపు నిరోధము 10 ఓములై, 5 ఆంపియర్లు ప్రవహించినచో గొట్టముపై 50 వోల్టులు నిలుచును. నీటికై వచ్చిన పశువుకైనను, పిల్లవానికైనను అది మృత్యువు కావచ్చును.

దీనికి నమ్మదగిన విరుగుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి. పోయిన ప్రవాహమును, తిరిగివచ్చిన ప్రవాహమును అది సరిపోల్చుచుండును. రెంటికిని తేడా వచ్చినచో, కొంత భాగము మరియొక దారిన భూమిలోనికి పోవుచున్నదన్నమాట. వెంటనే, సెకనులో మూడవవంతు గడువకముందే అది సరఫరాను తెంచును. ఎర్తు బలహీనమైనను ఇది పనిచేయును. దీనిని వైరు మొదట, అనగా సరఫరా వైపున అమర్చవలెను. అప్పుడే వైరు మొత్తమునకు కాపుదల. ప్రతిదినము పనికి ముందు దానిపైగల పరీక్ష మీటను నొక్కి చూడవలెను. ఫేజును, న్యూట్రలును ఒకేసారి పట్టుకొన్న వానిని మాత్రము ఇది కాపాడజాలదు.

పనివారు పాటింపదగినవి మరికొన్ని గలవు. చిట్లిన వైరును టేపు చుట్టి వాడరాదు. అతుకులను, ప్లగ్గులను నీటిలో ఉంచరాదు. బావిలో నీరుండగా బ్రేకరు దింపరాదు. ఉలి మార్చునపుడు ప్లగ్గు తీయవలెను. గోడను కొట్టుటకు ముందు లోపలి వైర్ల సరఫరా ఆపవలెను. కంటికి అద్దములు, చెవులకు మూతలు ఉండవలెను. గ్రానైటు ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను చెరచును గనుక ముక్కునకు తగిన ముసుగు అవసరము. ఎవరికైనను షాకు తగిలినచో మొదట సరఫరా తీయవలెను. అటుపిమ్మటనే మనిషిని ముట్టవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. రెండు టార్చి బ్యాటరీలకు బల్బును మొదట పొట్టి లావు తీగతో కలుపవలెను. తరువాత తలవెండ్రుకంత సన్నని ఎనామిలు రాగి తీగను అయిదారు మీటర్లు తీసికొని, కొనలు గీకి, దానితో కలుపవలెను. బల్బు మసకబారుట పిల్లలకే కనబడును. ఇంటి విద్యుత్తుతో మాత్రము ఇట్టి ప్రయోగములు చేయరాదు. పిమ్మట ఈ లెక్క ఇవ్వవచ్చును: 230 వోల్టుల వద్ద 16 ఆంపియర్లు పారవలెనన్న ఎర్తు నిరోధము ఎంతకు దిగవలెను? సుమారు 14 ఓములని వచ్చును. ఫ్యూజు తక్షణమే కాలవలెనన్న ఇంకను తగ్గవలెను. తమ ఊరి రాతినేలలో అది సాధ్యమా యని పిల్లలు ఆలోచింప మొదలిడినచో, ఓము సూత్రము వారి ఇంటికి చేరినట్లే.