తిరిగే ఫాను - మూసిన గవాచి

మే నెల మధ్యాహ్నం. ముద్దనూరులో మా బంధువుల పాత మిద్దె ఇల్లు. వాకిట్లో పరచిన కడప బండలు కాలు పెట్టనివ్వడం లేదు. తలుపులు, కిటికీలు బిడాయించుకుని, నడిమింట్లో ఫానును అయిదో నంబరు మీద పెట్టి, పిల్లలంతా దాని కింద చాపలు పరచుకున్నారు. మూల మంచం మీద అవ్వ కూర్చుని ఉన్నది. చేతిలో తాటాకు విసనకర్ర.

"ఆ గవాచి మూత తీయండిరా! ఈ ఫాను ఉండే గాలినంతా కిందికి తొక్కేస్తాంది. నాకు ఊపిరాడ్డం లే" అన్నదామె.

"ఫాను గాలిని తొక్కేదేందవ్వా? గాలి రావాలనే కదా దాన్ని వేసింది!" అని మనవడు నవ్వాడు.

ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇంటింటా ఫాను ఉన్న ఈ రోజుల్లో తెలుసుకోదగ్గ సంగతే.

కప్పుకు వేలాడే కరెంటు ఫాను వయసు నూటనలభై ఏళ్లకు దగ్గరలో ఉన్నది. 1880లలో అమెరికాలో ఫిలిప్ డీల్ అనే ఇంజనీరు కుట్టుమిషను మోటారుకు రెక్కలు తగిలించి కప్పుకు వేలాడగట్టాడు. అంతకుముందు మన కచేరీల్లో గుడ్డ పంకాలుండేవి. వాటి తాడు లాగడానికి ఒక మనిషి ఉండేవాడు.

ఇక ఒత్తిడి సంగతి. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువు మోపుతూ ఉంటుంది. శాస్త్రజ్ఞుల కొలతలో చెప్పాలంటే సుమారు లక్ష పాస్కళ్లు. మామూలు 48 అంగుళాల ఫాను కింద గాలి సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో దిగుతుంది. ఆ వేగానికి పుట్టే ఒత్తిడి అయిదారు పాస్కళ్లు మాత్రమే! లక్షలో అయిదన్నమాట. ఒక మీటరు ఎత్తు పైకి వెళితేనే వాయుపీడనం పన్నెండు పాస్కళ్ల దాకా తగ్గుతుంది. గడియారానికి కీ ఇవ్వడానికి స్టూలెక్కిన మనిషికి కలిగే తేడాపాటి కూడా ఫాను తేలేదు. కనక గాలిని తొక్కేస్తున్నదన్న అవ్వ మాట చెల్లదు.

అయితే ఫాన్లు ఒత్తిడిని పుట్టించలేవా? ఎందుకు పుట్టించలేవు! ముద్దనూరుకు దగ్గరలోనే, తొలి తెలుగు శాసనానికి పేరుపొందిన కలమల్ల పక్కన, రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. 1994లో దాని మొదటి యూనిట్ ఆరంభమైంది. అటువంటి కేంద్రాలలో బొగ్గు మండడానికి గాలిని కొలిమిలోకి నెట్టే పెద్ద ఫాన్లు, పొగను చిమ్నీవైపు లాగే మరికొన్ని ఫాన్లు ఉంటాయి. అవి వేల పాస్కళ్ల ఒత్తిడిని కలిగిస్తాయి. అందుకు ఒక కారణం, అవి గొట్టంలో బిగించి ఉండడం. అక్కడ నెట్టిన గాలికి వెనక్కు వచ్చే దారి లేదు. ఇంట్లో ఫానుకు చుట్టూ ఖాళీయే. కిందికి నెట్టిన గాలి నేలను తాకి, నలువైపులా పరచుకుని, గోడల వెంట పైకి పోయి, మళ్లీ రెక్కల మీదికే చేరుతుంది. నమ్మకం లేకపోతే ఒక ఊదుబత్తి వెలిగించి గదంతా తిరిగి చూడండి. ఫాను కింద పొగ నేలకు దిగుతుంది, గోడ దగ్గర మిద్దెకు ఎగబాకుతుంది. రెక్కలకూ కప్పుకూ మధ్య జానెడు, జానెడున్నర చోటు లేకపోతే ఫానుకు అందే గాలే తగ్గిపోతుంది.

ఇక్కడే మనవడి మాట కూడా చెల్లకుండా పోయింది. ఫాను కొత్త గాలిని తేదు. ఉన్న గాలినే మజ్జిగ చిలికినట్లు చిలుకుతుంది. తలుపులన్నీ మూసిన గదిలో ఆరుగురు పడుకుంటే, వాళ్లు వదిలిన ఊపిరీ చెమట తేమా ఆ గదిలోనే తిరుగుతుంటాయి. మిద్దెకింద చేరిన వేడి గాలి కూడా వాటితోపాటు కిందికి వస్తుంది. అవ్వకు ఉక్కిరిబిక్కిరి అయినది ఇందుకే.

మరి ఫాను కింద హాయిగా ఎందుకుంటుంది? చల్లబడేది గది కాదు, మన ఒళ్లు. కదిలే గాలి చెమటను త్వరగా ఆర్పి, ఆ వేడిని తీసుకుపోతుంది. మనిషి లేని గదిలో ఫాను వేసి ఉంచితే చల్లదనం రాదు సరికదా, మోటారు వేడి అదనం, కరెంటు దండగ.

అసలు జాగ్రత్తపడవలసిన విషయం మరొకటున్నది. చర్మపు వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటె బాగా వేడెక్కినప్పుడు ఫాను ఆ వేడినే ఒంటికి తెచ్చి తగిలిస్తుంది. వయసు మళ్లినవారికి చెమట తక్కువ. అందుకే 40 డిగ్రీలు దాటితే ఫాను వాడవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. మన సీమలో వేసవి మధ్యాహ్నం అంత వేడి అరుదు కాదు. అటువంటప్పుడు పెద్దవాళ్లనూ పసిపిల్లలనూ ఫాను కింద వదిలి నిశ్చింతగా ఉండరాదు. తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి, నీళ్లు తాగించాలి, ఇంట్లో ఉన్నంతలో చల్లని చోటికి మార్చాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరి గవాచి? వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ మిద్దెకప్పులో పెద్దలు ఉంచిన కన్నమది. వేడి గాలి తేలిక, పైకి పోతుంది. కింద కిటికీ, పైన గవాచి తెరిస్తే, బయట చల్లబడ్డాక ఇల్లే చిమ్నీలాగా పాత గాలిని పైకి పంపి, కొత్త గాలిని లోపలికి లాగుతుంది. కరెంటు అక్కరలేదు. పగలు మండే ఎండలో దాన్ని తెరిస్తే మాత్రం లోపలికి వచ్చేది వడగాలే.

ఆ రోజు అవ్వను నడవలో నీడపట్టుకు మార్చి, తడి తువాలు కప్పి, చల్లని మజ్జిగ ఇచ్చాము. పొద్దు గూకి గాలి తిరిగాక మనవడే మిద్దెక్కి గవాచి మూత తీశాడు, కిటికీలు తెరిచాడు, అప్పుడు ఫాను వేశాడు. కాసేపటికి ఇంట్లో ఉక్క తగ్గింది.

"చూస్తివా? నేను చెప్పిందే కదరా!" అన్నది అవ్వ, విసనకర్ర పక్కన పెడుతూ.

ఆమె చెప్పిన కారణం తప్పు, అడిగిన వేళ తప్పు. అడిగింది మాత్రం ఒప్పే!